తొమ్మిదో నంబరు బస్సూ, ఇర్మా గొంతూ

మా లారిమర్ ఊళ్లో ఏది జరిగినా చట్టప్రకారమే జరుగుతుంది. అన్యాయం కూడా చట్టప్రకారమే జరుగుతుంది. కడుపు మండి అంటున్న మాట ఇది, కాబట్టి ఇందులో మర్యాద వెతక్కండి.

నా పేరు లైమన్. పుట్టుగుడ్డిని. జిల్లా కోర్టు భవనం కింది అంతస్తులో కాఫీ, వేయించిన వేరుశెనగలు, చాక్లెట్లు, తలనొప్పి మాత్రలు అమ్మే కొట్టు నాది. విడాకుల కోసం వచ్చినవాళ్లు లోపలికి పోయేముందు మాత్రలు కొంటారు, పని అయ్యాక చాక్లెట్లు కొంటారు. ‘గుడ్డి’ అన్న మాట చెవిన పడగానే ఇబ్బందిపడి ‘చూపు విషయంలో ప్రత్యేకులు’ అని సర్దే పెద్దమనుషులు మా ఊళ్లో బోలెడంతమంది ఉన్నారు. మాట సర్దుతారు, బస్సు మాత్రం పీకేస్తారు.

అయితే నేను చెప్పబోయేది నా గురించి కాదు, ఇర్మా హోల్కో గురించి. ఆమెకి డెబ్భై దాటాయి. పడమటి దిబ్బ మీద, పాత గాజు కార్ఖానాకి ఎగువన ఉన్న స్లొవాక్ వలసవాళ్ల వీధిలో పుట్టింది, అక్కడే పెళ్లాడింది, అక్కడే ఉంటోంది. బడి వంటశాలలో పిల్లలకి అన్నం వడ్డించి పదవీ విరమణ చేసింది. కానీ ఊళ్లో ఆమె పేరు చెబితే ఎవరికీ వంటశాల గుర్తురాదు, బింగో గుర్తొస్తుంది. సెయింట్ సిరిల్ చర్చి కింది హాల్లో మంగళవారం మంగళవారం బింగో ఆటకి అంకెలు పిలిచేది ఆమే. మైకు పాడైతే మైకు లేకుండానే పిలిచేది. కాఫీ కప్పుల చప్పుడు, ముసలమ్మల కీచులాట, చంటిపిల్లల ఏడుపు, వీటన్నిటినీ దాటుకుని ఆ అంకె హాలు చివరి బల్లదాకా వచ్చేది. తీపి గొంతు కాదు, గరుకు గొంతు. కొత్త దుప్పటిలా కాస్త గుచ్చుకున్నా వెచ్చగా ఉండేది.

తర్వాత బిషప్ గారికి లెక్కలు కుదరలేదు. మూడు చర్చిలు కలిపి ఒకటి చేశారు, సెయింట్ సిరిల్‌కి తాళం పడింది, బింగో పోయింది. అదే ఏడాది ఇర్మా భర్త యోజెఫ్ కూడా పోయాడు. చక్కెర జబ్బు ఆయన చూపు ముందే తినేసింది. చివరి రోజుల్లో రోజూ పొద్దున్నే ఆయనకి ఊరి పేపరు మొత్తం చదివి వినిపించేది. ఆయన పోయాక కూడా అలవాటు పోలేదు. వంటింట్లో ఒక్కతే కూర్చుని పైకి చదువుకునేది. “నీకు పిచ్చి పట్టిందే ఇర్మా! ఆ చదివేదేదో వినేవాళ్లకి చదవరాదూ?” అని పక్కింటావిడ తిడితే, అలా చదువు రేడియోకి వచ్చింది.

చదువు రేడియో అనేది మేము పెట్టుకున్న పేరు. ఊరి గ్రంథాలయం నేలమాళిగలో చిన్న స్టూడియో. చూపు లేనివాళ్లకి ఊరికే ఒక పెట్టె ఇస్తారు. ఆ పెట్టెకి ఒకే ఒక్క స్టేషను, మీటలు తిప్పే పని లేదు. పొద్దున లేచి అది పెట్టుకుంటే ఊళ్లోవాళ్లు వంతులవారీగా వచ్చి ‘లారిమర్ కొరియర్’ పేపరు చదువుతుంటారు. జీతం లేదు. మొదటి పేజీ, చావు కబుర్లు, బొమ్మల కథలు, బుధవారం నాడు కిరాణా కొట్ల ధరలు.

రేడియోలో ఒక నియమం ఉంది. పేపర్లో ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట ఒక్కటి కలపకూడదు. ఇర్మా ఆ నియమం ఏనాడూ తప్పలేదు. కానీ ఆమె ఆగే తీరు వేరు. “రొట్టె, నాలుగు డాలర్ల తొంభైతొమ్మిది సెంట్లు” అని చదివి ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణంలో ఊళ్లో ఉన్న గుడ్డివాళ్లందరం కలిసి ఆ కొట్టువాణ్ణి తిట్టుకునేవాళ్లం. “మొదటి గడిలో కుక్క మంచం మీద పడుకుంది. రెండో గడిలో కుక్క మంచం మీదే ఉంది. మూడో గడిలోనూ అక్కడే ఉంది” అని బొమ్మల కథ చదివి ఆగేది. బొమ్మ వేసినవాడికి నవ్వించడం రాకపోయినా, ఆమె ఆగడంతో నాకు పొలమారేది. చావు కబుర్లలో మాత్రం ఎక్కడా ఆగేది కాదు. స్లొవాక్ పేర్లు, హంగరీ పేర్లు, లెబనాన్ పేర్లు, ఎవరి పేరూ ఖూనీ చేసేది కాదు. తెలియకపోతే ముందే ఆ ఇంటికి ఫోన్ చేసి పలకడం నేర్చుకునేది. పోయినవాళ్లని వాళ్ల పేరుతో పంపించాలి కదా అనేదట.

స్టూడియో గోడకి ఇంకో నియమం కూడా అంటించి ఉండేది. షేర్ల ధరలు, ఇళ్ల ప్రకటనలు, ప్రభుత్వ నోటీసులు చదవక్కర్లేదు, ఎవరూ వినరు, టైము దండగ. రేడియో నడిపే గ్రెచెన్ వాల్ పెట్టిన నియమం అది. గ్రెచెన్ చెడ్డమనిషేం కాదు. గొంతు పెంచదు, అందరి బాధా అర్థం చేసుకుంటుంది. అర్థం చేసుకున్నాక ఏమీ చేయదు.

అక్టోబరులో ఒక సోమవారం పొద్దున. ఎప్పట్లాగే తొమ్మిదో నంబరు బస్సు కోసం స్తంభం పక్కన నిలబడ్డాను. సరస్సు మీంచి గాలి రివ్వున కొడుతోంది. నా తల పక్కనే ఏదో కాగితం టపటపా కొట్టుకుంటోంది. ఎవరిదో తప్పిపోయిన పిల్లి ప్రకటన అయ్యుంటుందనుకున్నాను. బస్సు రాలేదు. కాళ్లు కొయ్యబారాయి. కాగితం మాత్రం విసుగు లేకుండా కొట్టుకుంటూనే ఉంది. చివరికి కుక్కని తిప్పడానికి వచ్చిన ఒకాయన నా దగ్గర ఆగాడు.

“ఎవరికోసం, పెద్దాయనా?”

“తొమ్మిదికి.”

“అది తీసేశారుగా! ఇదిగో, ఇక్కడ అంటించారు. ఇవ్వాళ్టి నుంచి లేదట.”

అంతసేపూ నా చెవి పక్కన కొట్టుకున్నది ఆ కబురే. గుడ్డివాడికి బస్సు లేదని చెప్పడానికి స్తంభానికి కాగితం అంటించారు! చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను గానీ, గుడ్డివాడి చెవిలో కాగితం ఊపడం అదే మొదటిసారి.

టాక్సీ పట్టుకుని కొట్టు తెరిచి బస్సు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఒక పడుచు గొంతు పలికింది.

“సార్, మేము పబ్లిక్ నోటీసు ఇచ్చాం సార్. చట్టప్రకారం కొరియర్ పేపర్లో వేశాం. బహిరంగ విచారణ కూడా పెట్టాం. మీరు చూళ్లేదా?”

“లేదమ్మా. పుట్టినప్పట్నుంచీ ఏదీ చూళ్లేదు.”

 “మా వెబ్‌సైట్‌లో కూడా ఉంది సార్” అంది. ఆ పిల్లనేం అంటాం? కూర్చోబెట్టిన చోట కూర్చుంది, చెప్పమన్నది చెప్పింది.

తొమ్మిదో నంబరు అంటే ఏమిటో కాస్త చెప్పాలి. పడమటి దిబ్బ నుంచి గ్రంథాలయం, కోర్టు, ఆస్పత్రి మీదుగా ఊరి ఆ చివరున్న విమానాశ్రయందాకా పోతుంది. మావాళ్లం చాలామందిమి ఆ దారిలోనే ఇళ్లు వెతుక్కున్నది ఆ బస్సు కోసమే. నా కొట్టు జిల్లావాళ్లు ఇచ్చింది. వేళకి తెరవకపోతే ఒప్పందం రద్దు చేసి, ఆ మూల నాణెం వేస్తే చిప్స్ రాల్చే యంత్రం పెడతారు. టాక్సీకి పోతే కాఫీ అమ్మిన డబ్బు దానికే చాలదు. వికలాంగుల వ్యాను ఉందంటారు. వారం ముందు చెప్పుకోవాలి, అది ఎనిమిదికి రమ్మంటే ఆరుకైనా వస్తుంది, పదికైనా వస్తుంది. ఆస్పత్రిలో టెలిఫోన్ బల్ల దగ్గర పనిచేసే, నాలాగే చూపు లేని మా నేస్తం పాలీన్‌ది కూడా ఇదే గతి. బస్సు లేకపోతే పని లేదు. పని లేకపోతే నేను వంటింట్లో ఆ రేడియో పెట్టె పక్కన ఇంకో పెట్టెలా కూర్చోవాలి.

కోపం ఆపుకోలేక చదువు రేడియోకి ఫోన్ చేసి అరిచాను. “పేపరు మొత్తం చదువుతారు కదా! కుక్క మంచం మీద ఉందా లేదా అన్నది కూడా చెబుతారు కదా! మా బస్సు తీసేస్తున్నారన్న ముక్క చదవడానికి నోరు రాలేదా?” అన్నాను. ఫోన్ తీసినవాళ్లెవరో చెప్పేస్తానని పెట్టేశారు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు ముందు ఎవరో వచ్చి నిలబడ్డారు. నాఫ్తలీన్ ఉండలు పెట్టిన ఉన్ని కోటు వాసన. “ఒక కాఫీ. పాలొద్దు” అంది గొంతు.  ఇన్నేళ్లుగా నా వంటింట్లో ఉన్న గొంతు నా కొట్టు ముందుకొచ్చింది.

“మీరు ఇర్మా గారు కదూ?”

“అవును. ఫోన్లో అరిచింది నువ్వేనా?”

“నేనే. మిమ్మల్ని కాదులెండి అక్కా, మొత్తం రేడియోని.”

“నన్నే అను. ఆ పేజీ నా చేతుల్లోనే ఉందయ్యా. ఇంటికెళ్లి పాత పేపర్లు తిరగేశా. నోటీసు ఎప్పుడు పడిందో తెలుసా? నా వంతు రోజునే. మడిచి కింద పడేశా. చదవొద్దన్నారు, చదవలా.”

“పోనీ అక్కా, మీ తప్పేముంది?”

“తప్పు నాదని ఎవడన్నాడు?” అని గయ్యిమంది. “నాకొచ్చింది బాధ కాదబ్బీ, మంట. చీమ తలంత అక్షరాలు వేశాడు. మా ఆయన కళ్లు బాగున్న రోజుల్లో కూడా చదవలేకపోయేవాడు. పైగా ఏమని రాశాడో విను. ‘అభ్యంతరాలుంటే విచారణకి హాజరై తెలుపవచ్చు.’ ఆ విచారణకి ఎవడూ రాలేదట. ఎవడొస్తాడు? పిలిచింది ఎవడికి వినబడింది?”

కాఫీ తాగలేదు. కప్పు బల్ల మీద పెట్టేసి, “రేపు బుధవారం, నా వంతు. విను. మీవాళ్లందర్నీ వినమను” అని వెళ్లిపోయింది.

బుధవారం అంటే కిరాణా ధరల రోజు. ఊళ్లో గుడ్డివాళ్లందరూ పెట్టె పెట్టుకుని కూర్చునే రోజు. ఇర్మా మైకు ముందుకొచ్చి, ఇది లారిమర్ కొరియర్, ఇవాళ బుధవారం అని చెప్పి, “ప్రభుత్వ నోటీసులు” అని మొదలుపెట్టింది. నీటి పన్ను, కూల్చబోయే ఇళ్లు, బడి స్థలం అమ్మకం, ఒక్కటి వదలకుండా చదివింది. సొంత మాట ఒక్కటీ కలపలేదు. గంటంతా అవే. నడుమ అద్దం మీద గ్రెచెన్ వేలితో కొట్టడం మాకు పెట్టెలో వినబడింది. ఇర్మా వినిపించుకోలేదు.

నాకు పాలీన్ ఫోన్ చేసింది. “ఏవిటయ్యా ఈవిడ? ఈ వారం కోడి ధర చెప్పలేదు. నేను ఆదివారం కోడి కొనాలా వద్దా?”

“పాలీన్, నోర్మూసుకుని విను.”

“వింటూనే ఉన్నా. ఎవడిదో ఇల్లు కూలగొడతారట. నాకేంటి?”

అప్పుడే వచ్చింది ఆ ముక్క. బస్సుల బోర్డు నెలవారీ సమావేశం, గురువారం పొద్దున పది గంటలకి, విమానాశ్రయం పక్కనున్న వాళ్ల కొత్త ఆఫీసులో. తొమ్మిదో నంబరు రద్దుని ఖాయం చేయడం కూడా అందులో ఒక విషయం. ప్రజలు వచ్చి మాట్లాడవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. ఇర్మా అది చదివి ఆగింది. కిరాణా ధరల దగ్గర ఆగినట్టే ఆగింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. మళ్లీ ఆగింది.

ఫోన్లో పాలీన్ నెమ్మదిగా అంది, “లైమన్, ఆ ఆఫీసుకి ఏ బస్సు వెళ్తుంది?”

“ఒక్కటే వెళ్లేది.”

“ఏ నంబరు?”

“నువ్వే చెప్పు.”

తర్వాత ఆమె అన్నమాట ఇక్కడ రాయను. ఆస్పత్రిలో ఇరవై ఏళ్లు టెలిఫోన్ ఎత్తిన మనిషి నోట అలాంటి మాట వస్తుందని నేను ఊహించలేదు.

గురువారం మమ్మల్ని తీసుకెళ్లింది ఇర్మాయే. మూతపడ్డ సెయింట్ సిరిల్ చర్చి వ్యాను ఇంకా ఫాదర్ దగ్గరే ఉంది. అడిగి తెచ్చింది. ఆమె బండి నడిపే తీరు చెప్పనలవి కాదు. మాకు కనబడదు కాబట్టి సరిపోయింది, కనబడేదైతే రెండో మలుపులోనే దిగిపోయేవాళ్లం. మావాళ్లం దాదాపు అందరం వచ్చాం. కర్రలు, దారి చూపే కుక్కలు రెండు, పాలీన్ తెచ్చిన కొలాచీ అనే తీపి రొట్టెల డబ్బా.

బోర్డు అధ్యక్షుడు డగ్లస్ ప్రూట్. ఆయనకి ఇన్సూరెన్స్ వ్యాపారం. గ్రంథాలయం బోర్డులోనూ ఆయనే, ఆస్పత్రి విరాళాల సంఘంలోనూ ఆయనే, మా చదువు రేడియో బోర్డులోనూ ఆయనే. మా ఊళ్లో పెద్దమనుషులు పదిమందే, కుర్చీలు మాత్రం వంద. ఆ పదిమందే ఒక కుర్చీలోంచి లేచి ఇంకో కుర్చీలో కూర్చుంటారు. అక్కడ వాళ్లని అడగాల్సిన మాట ఇక్కడ కూడా వాళ్లనే అడగాలి. అందుకే ఎవరూ అడగరు.

“అందరికీ స్వాగతం. మీ రాక మాకెంతో సంతోషం” అన్నాడు ప్రూట్, పెళ్లికి పిలిచినట్టు. “తొమ్మిదో మార్గం గురించిన నివేదిక మీ కుర్చీల మీద పెట్టించాం. అందులో అన్నీ వివరంగా ఉన్నాయి.”

కుర్చీల మీద కాగితాలున్నాయి. నేను ఒకదాని మీద కూర్చుని ఉన్నాను. దాన్ని తీసి వేళ్లతో తడిమాను. నున్నగా ఉంది. ఖరీదైన కాగితం.

మొదట మైకు దగ్గరికి వెళ్లింది నేను. “అధ్యక్షా, ఈ కాగితం నేను చదవలేను. నా మూడు నిమిషాలూ ఇర్మా హోల్కోకి ఇచ్చేస్తున్నాను” అన్నాను.

“క్షమించాలి. ఒకరి సమయం ఇంకొకరికి ఇవ్వడానికి నియమాలు ఒప్పవు. మీరే మాట్లాడాలి.”

 వెనకనుంచి ఇర్మా గొంతు వచ్చింది. “మాట్లాడతాడండీ. లైమన్, నీకేం కావాలో అడుగు.”

అప్పుడు అర్థమైంది. “నాకు కావాల్సింది ఒక్కటే అధ్యక్షా. నాకోసం పెట్టిన కాగితం నాకు చదివి వినిపించమని నా వెనకున్నావిణ్ణి అడుగుతున్నాను. అక్కా, చదువు.”

ఇర్మా నా పక్కకొచ్చి చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ, మొదటి అక్షరం నుంచి, ఉన్నది ఉన్నట్టు. మూడు నిమిషాలకి గంట మోగింది. వాక్యం నడుమనే ఆపేసింది. నేను పక్కకి జరిగాను. పాలీన్ కర్ర తాటించుకుంటూ వచ్చి నిలబడింది.

“నా పేరు పాలీన్. ఇర్మా, మిగతాది చదువు.”

“మేడమ్, ఇది మీ అభిప్రాయం చెప్పుకునే సమయం. చదువుకునే సమయం కాదు” అన్నాడు ప్రూట్.

“నా అభిప్రాయం ఏంటంటే, ఆవిడ చదవాలి.”

ఎవరో నవ్వారు. ఇర్మా వదిలిన మాట దగ్గర్నుంచి అందుకుంది. గంట. తర్వాత ఇంకొకరు. “మిగతాది చదవమ్మా.” గంట. ఇంకొకరు. బోర్డువాళ్ల కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఒకాయన దగ్గుతున్నాడు. ఊరి కేబుల్ చానల్లో ఇదంతా ఇళ్లల్లోకి పోతోంది. ఎప్పుడూ చూసేవాడు లేని ఆ చానల్ పెట్టుకుని ఆ రోజు పడమటి దిబ్బ మొత్తం కూర్చుందని తర్వాత తెలిసింది.

నివేదిక చివరి భాగానికి వచ్చింది ఇర్మా. “వికలాంగులపై ప్రభావం. ఈ మార్గం రద్దువల్ల చూపులేనివారికి చెప్పుకోదగ్గ ఇబ్బంది ఉండదని భావిస్తున్నాము. బహిరంగ విచారణలో వారి నుంచి ఒక్క అభ్యంతరమూ రాకపోవడమే దీనికి నిదర్శనం.”

చదివి, ఆగింది.

నేను ఎన్నో ఏళ్లుగా ఆమె ఆగడం విన్నాను. ఇలాంటిది వినలేదు. హాల్లో కుక్కలు కూడా కదల్లేదు. నాకు ఒళ్లంతా మండిపోయింది. మా నోరు కట్టేసి, చూశారా, వీళ్లు మాట్లాడలేదు అని రాసుకున్నారు! దొంగతనం చేసినవాడు కూడా ఇంత ధైర్యంగా సంతకం పెట్టడు.

“సరే, సరే. విషయం అర్థమైంది. బోర్డు దీన్ని పరిగణనలోకి తీసుకుంది” అన్నాడు ప్రూట్. పక్కన వాళ్ల లాయరు, ఇక పొడిగించకండి, ఇదంతా చానల్లో బయటికి పోతోంది అని గుసగుసలాడటం నాకు వినబడింది. మా చెవుల దగ్గర గుసగుస పనికిరాదని ఆయనకి తెలియదు పాపం.

“మాకింకా నలుగురున్నారండీ” అన్నాన్నేను. ఆ నలుగురూ వరసగా వచ్చారు. ఇర్మా చివరి పేజీ చివర ప్రెస్ పేరుతో సహా చదివింది.

ఆ రోజే ఓటు వేశారు. తొమ్మిదో నంబరు మళ్లీ నడుస్తుంది. శని, ఆదివారాలు లేవు, మిగతా రోజులు నడుస్తుంది. కొరియర్ పేపరు మర్నాడు ‘సమగ్ర సమీక్ష అనంతరం మార్గాన్ని పునరుద్ధరించిన బోర్డు’ అని వేసింది. ఆ పేపరుకిప్పుడు మా ఊళ్లో ఆఫీసు లేదు, ఉన్న ఒక్క విలేకరీ మూడు ఊళ్లు చూసుకుంటాడు. ఆ సమావేశానికి అతను రానేలేదు. సమీక్ష చేసిందెవరో రాయలేదు. ఇర్మా పేరు లేదు, పాలీన్ పేరు లేదు, ఎవరి పేరూ లేదు.

తర్వాతి బుధవారం ఇర్మా తన వంతుకి వెళ్తే, గ్రెచెన్ స్టూడియో తలుపు దగ్గరే ఆపిందట. ఇర్మా ఆ మాటలన్నీ నాకు కొట్టు దగ్గర చెప్పింది.

“నీ ఆవేదన నాకు పూర్తిగా అర్థమవుతోంది ఇర్మా. కానీ పోయిన బుధవారం శ్రోతలకి కిరాణా ధరలు అందలేదు. మన పద్ధతులు దెబ్బతిన్నాయి. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో.”

“ఎన్నాళ్లు?”

“బోర్డు నిర్ణయిస్తుంది.”

“ఏ బోర్డు? ప్రూట్ గారుండే బోర్డేనా?”

“అలా వ్యక్తుల్ని లాగకూడదు ఇర్మా.”

ఇది చెబుతూ ఇర్మా నవ్వలేదు, ఏడవలేదు. “బడిలో పిల్లాడు కంచాలు విసిరితే కొన్నాళ్లు బయట కూర్చోబెట్టేవాళ్లం. నేనేం విసిరాన్రా?” అని మాత్రం అడిగింది.  చర్చి పోయింది, బింగో పోయింది, భర్త పోయాడు. ఆ గంట ఒక్కటే మిగిలింది ఆమెకి. దాన్ని కూడా అర్థం చేసుకుంటూ అర్థం చేసుకుంటూ లాగేసుకున్నారు. మేమందరం రేడియోకి ఫోన్లు చేశాం. ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని టేపు మోగింది. ఆమె వంతుకి ఒక కుర్రగొంతు వచ్చింది. చక్కటి గొంతు, పాల మీగడలా ఉంటుంది. చావు కబుర్లలో సగం పేర్లు చంపి చదువుతాడు. నోటీసులు చదవడు.

నేను ఆ పెట్టె తీసి బట్టల అల్మరాలో పడేశాను.

బస్సు మళ్లీ మొదలైన మొదటి రోజు మామూలుగా ఎక్కాను. డ్రైవరు టెరెల్ “రా లైమన్, నీ సీటు వెచ్చగానే ఉంది” అన్నాడు. పాలీన్ అప్పటికే ఎక్కి ఉంది. రెండు స్టాపులు దాటాక తలుపు తెరుచుకుంది. నాఫ్తలీన్ వాసన వచ్చింది. ఇర్మా ముందు సీట్లో కూర్చుంది. ఆమెకి ఎక్కడికీ పోయే పని లేదని మా అందరికీ తెలుసు. సంచిలోంచి పేపరు తీసి విప్పిన చప్పుడైంది.

“టెరెల్, బస్సులో పైకి చదవకూడదని నియమమేమైనా ఉందా?”

“పాటలు పెట్టకూడదనుంది. చదవకూడదని లేదమ్మా.”

“అయితే వినండి. లారిమర్ కొరియర్. సోమవారం. ప్రభుత్వ నోటీసులు.”

అలా మొదలైంది. అప్పట్నుంచి రోజూ అంతే. చివరి స్టాపుదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగి వస్తుంది. నోటీసులు ముందు, చావు కబుర్లు తర్వాత, టైముంటే కుక్క. మొదట్లో కళ్లున్నవాళ్లు విసుక్కున్నారు, చెవుల్లో ఏవో పెట్టుకున్నారు. ఒకామె తన వీధిలో ఇల్లు కూలుస్తారని అక్కడే మొదటిసారి విని కెవ్వుమంది. ఆ తర్వాత చెవుల్లోంచి అవి తీసేశారు. ఆ అక్షరాలు కళ్లున్నవాళ్లు కూడా ఎన్నడూ చదవలేదని నాకు అప్పుడు తెలిసింది.

పోయినవారం మంగళవారం కోర్టు స్టాపుకి దగ్గరపడుతుండగా ఇర్మా ఒక నోటీసు మొదలుపెట్టింది. “లారిమర్ బస్సుల బోర్డు. సభా నియమాల సవరణ ప్రతిపాదన. ప్రజాభిప్రాయానికి ఇకపై మనిషికి మూడు నిమిషాలకి బదులు ఒక్క నిమిషం. కాగితాలు, నివేదికలు పైకి చదవడం అనుమతించబడదు. అభ్యంతరాలుంటే గురువారం పది గంటలకి విచారణకి హాజరై తెలుపవచ్చు.”

చదివి, ఆగింది.  వాళ్లకి సిగ్గు రాలేదు. నేర్చుకున్నది ఒక్కటే, ఈసారి మా నోరు ఎంత త్వరగా మూయాలా అని. కోర్టు స్టాపు వచ్చింది. టెరెల్ తలుపు తెరిచాడు. నేను దిగలేదు, ఎవరూ దిగలేదు.

పాలీన్ ముందుకి వంగి, డ్రైవరు వైపు గట్టిగా అడిగింది.

“టెరెల్, మనిషికి నిమిషమేనట. ఈ బస్సులో ఎంతమంది పడతారయ్యా?”